నాగూరు మొక్కు

న్యూఢిల్లీ,
మార్చి 1998.

చిన్నమ్మా,

నీ ఆరోగ్యం, చిన్నాయన మోకాలి నొప్పి, కొట్టు వ్యాపారం అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకుని నేరుగా విషయానికి వస్తున్నాను. పని పడితే తప్ప ఉత్తరం రాయవు అని నువ్వు దెప్పే మాట ఇప్పుడే వినిపిస్తోంది. నిజమే, పని పడింది. ఫోన్ చేద్దామంటే అది చిన్నాయన కుర్చీ పక్కనే ఉంటుంది. నేను ఒక మాట అంటే ఆయన నాలుగు అందుకుంటారు.

కోయంబత్తూరులో బాంబులు పేలినప్పటి నుంచి మా ఆఫీసులో వేరే మాట లేదు. ప్రభుత్వానికి సలహాలు రాసిచ్చే సంస్థ కదా మాది. ముస్లిం కుర్రవాళ్ళు తీవ్రవాదం వైపు ఎందుకు పోతున్నారు, పోయే ముందు వాళ్ళలో ఏ మార్పులు కనిపిస్తాయి అని తమిళనాడులో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. ఉత్తర చెన్నై నాకు అప్పగించారు. "నువ్వు అక్కడ పుట్టి పెరిగినదానివి, నీకు తలుపులు తెరుస్తారు" అన్నారు మా డైరెక్టర్.

మొదట వద్దనే అన్నాను. కానీ నేను కాదంటే పంపడానికి ఇంకొకతను సిద్ధంగా ఉన్నాడు. అతనికి తమిళం రాదు, మసీదుకూ దర్గాకూ తేడా తెలియదు. అతను వచ్చి మన వీధి గురించి ఏదో రాసిపోయేకంటే నేను రాయడమే వాళ్ళకు మేలు కాదా? నీకు ఏమనిపిస్తుందో చెప్పు.

ఏప్రిల్‌లో వస్తాను. ఎదురింటి ఫాతిముత్తుతో చెప్పి ఉంచు. వాళ్ళబ్బాయి గనితో కూడా మాట్లాడాలి. వాడికి నేను తెలుగు అక్షరాలు దిద్దించిన రోజులు గుర్తున్నాయా? అ రాయమంటే జిలేబీ చుట్టేవాడు.

నీ హేమ.

*

చూలై, చెన్నై,
మార్చి 1998.

బంగారు తల్లి హేమమాలినికి,

అడగందే అమ్మైనా పెట్టదంటారు, నువ్వు అడిగావు కాబట్టి పెడుతున్నాను. ఫాతిముత్తుకు చెప్పాను. ఆమె ఏమన్నదో అలాగే రాస్తాను విను. "హేమ రావడానికి నన్నెందుకు అడగతాండావు అక్కా? అదేమన్నా కలెక్టరా? ఈడికొచ్చి ఎన్నిసార్లు ఇడియాప్పం తినిపోలేదు!"

నీ చదువు సంగతి నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఒక మనిషి చెడిపోబోతున్నాడని ముందే తెలుసుకునే శాస్త్రం ఉంటే మంచిదే. ఉంటే మీ చిన్నాయనకు పేకాట పట్టుకోకముందే నాకు ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

కోయంబత్తూరు గొడవల తరువాత మన వీధిలో కూడా గొంతులు కాస్త తగ్గాయి. గని పనిచేసే ట్రంకుపెట్టెల పట్టడకు మన కొట్టు నుంచే రేకులు పోతాయి కదా, ఆ లెక్కలు అలాగే నడుస్తున్నాయి. సంక్రాంతి అయ్యాక తై నెలలో నాకు కొంచెం జ్వరం తగిలింది. పోయింది. నువ్వు వచ్చేటప్పుడు నాకేమీ తేవద్దు, నువ్వు కాస్త ఒళ్ళు చేసి వస్తే చాలు.

నీ చిన్నమ్మ,
పంకజం.

*

న్యూఢిల్లీ,
మే 1998.

చిన్నమ్మా,

తిరిగి వచ్చాక ఇక్కడి అన్నం రుచించడం లేదు. నువ్వు కట్టిచ్చిన పులిహోర విజయవాడ దాటకముందే అయిపోయింది.

ఫాతిముత్తు గారు నాతో ఏమీ దాచలేదు. భర్త పోయినప్పటి కష్టాలు, కోయంబత్తూరు తరువాత ఇల్లు మారదామని తిరిగితే ఎవరూ అద్దెకు ఇవ్వకపోవడం, అన్నీ చెప్పారు. అవన్నీ రాసుకున్నాను. కానీ గని దగ్గర మాత్రం నాకు ఎదురుదెబ్బ తగిలింది. చిన్నప్పుడు నా వెనకాలే తిరిగినవాడు ఇప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. ఆ గడ్డం ఏమిటి చిన్నమ్మా, మెడ మీదికి వచ్చిన ఆ జుట్టు ఏమిటి? కొత్త సినిమా వస్తే మొదటి ఆటకు చొక్కా చిరిగేదాకా తోసుకుని వెళ్ళేవాడు. సినిమాలు మానేశాడట. స్నేహితులను వదిలేశాడట. ప్రతి గురువారం పని నుంచి నేరుగా ఎన్నూరు వెళ్తాడట. ఎందుకురా అంటే, "ఊరికే అక్కా, అది చెప్పేది కాదు" అని తల దించుకున్నాడు.

మా దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఆరు నెలల్లో రూపంలో మార్పు, వినోదాలు మానడం, పాత స్నేహాలు తెంచుకోవడం, కారణం చెప్పని ప్రయాణాలు. గనిని తలుచుకుని ఆ పట్టిక చదివితే అన్నిటికీ గుర్తు పెట్టాల్సి వస్తోంది. నీకు ఏమైనా తెలుసా? వాడు నీ ఇంట్లో మనిషిలా తిరుగుతాడు. తెలిస్తే దాచకు.

హేమ.

*

చూలై, చెన్నై,
జూన్ 1998.

హేమకు,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. తరువాత నవ్వు రాలేదు. గని గడ్డం గురించి ఢిల్లీలో పట్టికలు వేస్తున్నారా? గోరంతను కొండంత చేయడం అంటే ఇదే.

వాడు మంచి పిల్లవాడు. నేను చెప్తున్నాను, అది చాలదా నీకు? ఆ జుట్టూ గడ్డమూ దసరా వచ్చే పురటాసి నెల దాటితే ఉండవు. ఎన్నూరుకు ఎందుకు పోతాడో నాకు తెలుసు, అందులో తప్పేమీ లేదు. అంతకుమించి అడగొద్దు. చెప్పకూడదని వాడి చేత ఒట్టు వేయించింది నేనే. కారణం నీకు తరువాత నేనే చెప్తాను. దీన్ని నీ పుస్తకంలో పెట్టొద్దు.

నా ఆరోగ్యం బాగానే ఉంది. చేయి కొంచెం పైకి లేవడం లేదు, అంతే. వయసు మీద పడుతోంది. నువ్వు ఉన్న రోజుల్లో జడ వేయమంటే వేయలేకపోయానని కోపం వచ్చిందేమో.

నీ చిన్నమ్మ.

*

న్యూఢిల్లీ,
జూలై 1998.

చిన్నమ్మా,

నీకు సంతోషం కలిగించే కబురు. నా భాగానికి మంచి పేరు వచ్చింది. నేను రాసిన చూలై అధ్యాయాన్నే ముందు పెట్టారు. "ఇంతకాలం మనం బయట నుంచి చూశాం, ఈమె లోపలి నుంచి చూసింది" అన్నారు మా డైరెక్టర్ అందరి ముందు. నన్ను సీనియర్ పరిశోధకురాలిని చేశారు. అమ్మ బతికి ఉంటే ఎంత మురిసేదో.

ఫాతిముత్తు గారి మాటలు చాలావరకు తీసేశారు. పుస్తకం లావు పెరుగుతుందన్నారు. గని గురించి ఉంది. పేరు మార్చాను, నువ్వు కంగారు పడొద్దు. పురటాసి తరువాత గడ్డం ఉండదని నువ్వన్నావని చెప్పాను. కారణం లేని మాట రాయలేం అన్నారు. నువ్వు కారణం చెప్పి ఉంటే అదీ రాసేదాన్ని. వాడు చెడ్డవాడని ఎక్కడా అనలేదు. ఇలాంటి మార్పులు వస్తే కనిపెట్టి ఉండాలి, ఉద్యోగం చూపించి ఆదుకోవాలి అన్నాను. వాడికి మేలు జరగాలనే రాశాను.

పుస్తకం అచ్చు కాకముందు ఒక సమావేశం పెట్టారు. తలుపులు మూసి, అధికారులను మాత్రమే పిలిచారు. మీ ఊరి నుంచి కూడా ఒకరు వచ్చారు, చాలా మర్యాదస్తులు. అవన్నీ నీకెందుకులే.

పురటాసికి రావడానికి సెలవు దొరుకుతుందేమో చూస్తాను.

హేమ.

*

చూలై, చెన్నై,
ఆగస్టు 1998.

హేమా,

గనిని పోలీసులు తీసుకుపోయారు.

గురువారం ఎన్నూరులో బస్సు దిగగానే పట్టుకున్నారట. ఆ పక్కనే కరెంటు స్టేషన్లు, రేవు పనులు ఉన్నాయి కదా, ఆడ నీకేమి పని అని అడిగారట. వీడు నోరు విప్పలేదు. ఫాతిముత్తు కొంగు నోట్లో కుక్కుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. నేనూ ఆమే స్టేషన్‌కు పోయాం. మొదటి రోజు చూడనివ్వలేదు. రెండో రోజు చూపించారు. హేమా, వాడి తల గొరిగేశారు. గడ్డం కూడా గొరిగేశారు. పేలు పడతాయని గొరిగామన్నాడు అక్కడి వాడు. చెంప మీద వాపు ఉంది. నన్ను చూసి వాడు దెబ్బల గురించి ఒక్క మాట చెప్పలేదు. తల తడుముకుని, "పెరిమ్మా, కందూరి ఇంకా రాలేదే, ముందే తీసేసినారే" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

జామీను ఇవ్వడానికి సొంత ఇల్లు ఉన్నవాళ్ళు సంతకం పెట్టాలట, ఇంటి పన్ను రసీదు చూపించాలట. మీ చిన్నాయనను అడిగాను. "ఏంది పంకజం, పిచ్చి పట్టిందా నీకు? ఆడ సంతకం పెడితే రేపు నా కొట్టుకొస్తారు పోలీసోళ్ళు. ఈడ మనం బతకాలా వద్దా?" అన్నాడు. రసీదు ఉన్న ఇనుప పెట్టె తాళం నడుముకు కట్టుకుని తిరుగుతున్నాడు. పక్కింటి వరదరాజులు గనిని ఎత్తుకుని పెంచినవాడు. అతను కూడా తలుపు సగమే తీశాడు.

నీకు ఢిల్లీలో పెద్దవాళ్ళు తెలుసు. ఎవరి చేతనైనా ఒక్క మాట చెప్పించు.

ఇంకొకటి. ఎస్సై ఫాతిముత్తుతో, "నీ కొడుకు గురించి మాకెందుకమ్మా తెలియదు, ఢిల్లీ నుంచే రాసి పంపినారు" అన్నాడట. ఆమె ఆ మాట నాతో చెప్పి, నా ముఖం చూడకుండా నేల వైపు చూసింది. నువ్వు పేరు మార్చానన్నావు కదా. మరి వాళ్ళకు ఎలా తెలిసింది?

పంకజం.

*

న్యూఢిల్లీ,
ఆగస్టు 1998.

చిన్నమ్మా,

నేనే చెప్పాను.

సమావేశం అయ్యాక టీ తాగుతున్నప్పుడు చెన్నై నుంచి వచ్చిన ఆ పోలీసు అధికారి నా పక్కకు వచ్చారు. మా ఆవిడ వాళ్ళు కూడా తెలుగువాళ్ళేనండీ అన్నారు. మీరు చూలైలో ఏ వీధి అని అడిగారు. చెప్పాను. మీరు రాసిన ఆ ట్రంకుపెట్టెల పట్టడ మీ ఇంటికి దగ్గరేనా అన్నారు. ఎదురింటి అబ్బాయే అందులో పనిచేస్తాడన్నాను. సొంత ఊరి మాట వినేసరికి నోరు ఆగలేదు. ఆ క్షణంలో నాకు తప్పుగా అనిపించలేదు, గొప్పగా అనిపించింది.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఆయనకు ఫోన్ చేశాను. "విచారణ నడుస్తోంది, మీరు మీ పని బాగా చేశారు, మమ్మల్ని మా పని చేయనివ్వండి" అని పెట్టేశారు. మా డైరెక్టర్ నా చేయి తట్టి, ఇలాంటివి మనసుకు పట్టించుకోకు అన్నారు.

చిన్నమ్మా, నా మీద ఎంత కోపమైనా పడు. కానీ ఆ కారణం ఏదో ఇప్పుడైనా చెప్పు. వాడు ఎన్నూరు ఎందుకు వెళ్ళాడు? ఎందుకు గడ్డం పెంచాడు? ఆ ఒక్క మాట నాకు మేలోనే తెలిసి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఇప్పుడు చెప్తే కోర్టులో పనికొస్తుంది.

హేమ.

*

చూలై, చెన్నై,
సెప్టెంబరు 1998.

హేమా,

చెప్తాను. చెప్పకుండా ఉండి నేను సాధించింది ఏమీ లేదు.

తై నెలలో నాకు వచ్చింది జ్వరం కాదు. మీ అమ్మకు వచ్చిందే వచ్చింది. ఎడమ రొమ్ము తీసేశారు. రక్తం ఎక్కించాలంటే గని ఇచ్చాడు. మీ చిన్నాయన ఆసుపత్రి వరండాలో కూర్చుండిపోతే మందులకు, కాఫీకి, డాక్టర్ల వెనకాల తిరిగింది ఆ పిల్లవాడే. నీకు చెప్పొద్దన్నాను. మీ అమ్మ పడకమీద ఉన్నప్పుడు నువ్వు పరీక్ష మానేసి కూర్చున్నావు. నా కోసం ఉద్యోగం మానేస్తావని భయపడ్డాను. అందుకే అందరి చేతా ఒట్టు వేయించాను. గని చేత వాళ్ళ దర్గా స్వామి నాగూర్ ఆండవర్ మీద వేయించాను. అందుకే వాడు లాఠీ ముందు కూడా నోరు విప్పలేదు.

నన్ను ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోతున్నప్పుడు వాడు మొక్కుకున్నాడట. పెరిమ్మ లేచి నడిస్తే పురటాసిలో నాగూరు దర్గా కందూరి ఉత్సవానికి తీసుకుపోతాను, తలా గడ్డమూ ఆడ ఇస్తాను, అంతవరకు కత్తెర తగలనీయను, సినిమా చూడను అని. మనం తిరుపతికి మొక్కుకోమా? నీకు పుట్టు వెంట్రుకలు ఎక్కడ తీశారు? ఆ మొక్కు విని నేను పెద్దగా నవ్వాను. ఒరే, సినిమా లేకుండా నువ్వే ముందు పోతావురా అన్నాను.

ఎన్నూరులో కాలువ ఒడ్డున ఒక చిన్న సమాధి ఉంది. బెస్తవాళ్ళు కూడా దీపం పెడతారు. గురువారం ఆ దీపం నూనె సీసాలో పట్టుకొచ్చి ఇచ్చేవాడు, కోసిన చోట రాసుకోమని. నేను రాసుకునేదాన్ని. తగ్గిందో లేదో దేవుడికే తెలియాలి, వాడు అంత దూరం పోయి తెచ్చాడని రాసుకునేదాన్ని.

సమాధుల దగ్గర మొక్కుకునేవాళ్ళను చూస్తే అసలు మీరు వెతికే ఆ కఠినమైన మతంవాళ్ళకే మంట అంట. ఫాతిముత్తు చెప్పింది. మసీదుకూ దర్గాకూ తేడా తెలుసని రాశావే తల్లీ, తెలిసి ఏమి చేశావు?

నువ్వు ఏప్రిల్‌లో వచ్చి మన ఇంట్లోనే ఉన్నావు. నేను చేయి ఎత్తలేకపోయాను, పైట దించలేదు, చిక్కిపోయాను. ఎదురింటి వాడి గడ్డం ఎంత పెరిగిందో చూసి రాసుకున్నావు. నన్ను చూడలేదు. కోపంతో అనడం లేదు. బాధతో అంటున్నాను.

నీ చిన్నమ్మ.

*

న్యూఢిల్లీ,
సెప్టెంబరు 1998.

చిన్నమ్మా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో, చదివిన ప్రతిసారీ అమ్మ పోయినప్పటిలాగే ఏడ్చాను. నీకు నొప్పిగా ఉందా? మందులు వేసుకుంటున్నావా? నువ్వు నాకు చెప్పి ఉండాల్సింది. అని రాసి, ఆ మాట అనడానికి నాకేం హక్కు ఉందని ఊరుకుంటున్నాను.

నిజం మొత్తం రాసి, నోటరీ ముందు సంతకం చేసి, గని వకీలుకు పంపాను. మా డైరెక్టర్‌కు కూడా మొక్కు సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. "ఆసక్తికరమైన విషయం. ఒక్కడి దగ్గర పొరపాటు పడినంత మాత్రాన మన పద్ధతి తప్పు కాదు. తరువాతి ముద్రణలో కింద ఒక గమనిక వేద్దాం" అన్నారు. గనిని గమనికగా వేస్తారట. పుస్తకం అచ్చయి వచ్చింది. నా పేరు అట్ట మీద ఉంది. నా కాపీ ఇంకా కట్ట విప్పలేదు.

రాజీనామా రాశాను, ఇవ్వలేదు. ఇచ్చేస్తే ఆ అధ్యాయం దిద్దేవాళ్ళు ఉండరు, ఇక్కడే ఉంటే ఆ అట్ట మీద పేరుతో బతకాలి. ఏమి చేయమంటావు? ఆ అధ్యాయం దిద్దించడానికి పోరాడమంటావా? నేను రావచ్చా? ఫాతిముత్తు గారి కాళ్ళ మీద పడాలని ఉంది.

నీ హేమ.

*

చూలై, చెన్నై,
నవంబరు 1998.

హేమకు,

ఆలస్యంగా రాస్తున్నాను. చేయి సహకరించలేదు.

గని బయటికి వచ్చాడు. కేసు ఇంకా ఉంది, వారం వారం పోయి సంతకం పెట్టి రావాలి. నువ్వు పంపిన కాగితం పనికొచ్చిందని వకీలు చెప్పాడు. కానీ జామీను సంతకాలు మన వీధివాళ్ళు పెట్టలేదు. వ్యాసర్పాడి మసీదు నుంచి ఇద్దరు వచ్చి పెట్టారు. అంతకుముందు వాళ్ళు ఎవరో గనికి తెలియదు, ఫాతిముత్తుకు తెలియదు. ఇంటి పన్ను రసీదులు తెచ్చారు, వకీలును కూడా వాళ్ళే పెట్టారు, వీడు లోపల ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటికి బియ్యం పంపారు. వాళ్ళను నేను ఒక్క మాట అనను. మనం తాళంచెవి నడుముకు కట్టుకున్న రోజున వాళ్ళు వచ్చారు.

ఇప్పుడు వాడు రోజూ సాయంత్రం వాళ్ళ దగ్గరికి పోతాడు. పట్టడ నడిపే ముతలాలి పనిలోకి రావద్దన్నాడు. కందూరి అయిపోయింది. అయినా పోదాంరా, నేను నడుస్తున్నాను కదా, మొక్కు బాకీ ఉంచుకోకూడదు అని వాళ్ళింటికి పోయి అడిగాను.

"సమాధికి మొక్కుకునేది తప్పు పెరిమ్మా. అప్పుడు నాకు తెలియలేదు" అన్నాడు.

"నాకోసం గదరా మొక్కినావు?"

"ఎవరి కోసమైనా తప్పు తప్పే."

గట్టిగా కూడా అనలేదు. నాకు కుర్చీ వేసి, నిలబడే మాట్లాడాడు. వాళ్ళమ్మను కూడా దర్గాకు పోవద్దన్నాడట. మా ఇంట్లో కాఫీ తాగడం మానేశాడు. గడ్డం మళ్ళీ పెరుగుతోంది.

అధ్యాయం దిద్దించమంటావా అని అడిగావు. ఏమని దిద్దుతావు? నువ్వు రాసిన రోజున అది అబద్ధం. ఈ రోజు మీ ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చి మా ఎదురింటి ముందు నిలబడితే, హేమమాలిని సరిగ్గానే రాసిందే అంటారు. వాడు చెడ్డవాడు కాలేదు హేమా, ఆ మాట నా ముందు ఎవరూ అనకూడదు. కాకపోతే మన వాడు కాకుండా పోయాడు.

నువ్వు రా. పుస్తకం పని మీద కాదు, నా కోసం రా. డాక్టరు రెండోవైపు కూడా గడ్డ తగులుతోందన్నాడు. ఈసారి నీకు దాచడం లేదు.

ఈ సంగతి నిన్న వాళ్ళింటి గుమ్మంలో ఫాతిముత్తుకు చెప్పాను. ఆమె నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆండవరే, మా అక్క లేచి నడిస్తే, అని మొదలుపెట్టింది. లోపల కొడుకు ఉన్నాడు. అటు చూసి, మాట మధ్యలో ఆపేసి, నా చేతులు వదిలేసింది.

నీ చిన్నమ్మ,
పంకజం.